అమెరికా రైల్‌రోడ్ జేబు గడియారం: ఒరిజినల్ కేసును గుర్తించడం, సరైనదాన్ని ఎంచుకోవడం

పాత అమెరికా రైల్‌రోడ్ జేబు గడియారం, అంటే కచ్చితమైన సమయం కోసం రైల్వేవాళ్లు వాడిన గడియారం, కొనబోయే ప్రతివాళ్లూ దాని బయటి లోహపు డబ్బా అయిన కేసు గురించి ముందుగా అడిగేది "కేసు ఒరిజినలేనా?" అని. అమ్మేవాళ్లు కూడా ఏ మాత్రం ఆలోచించకుండా అవునంటారు. ఆ "అవును"కు ఎంత విలువ ఇవ్వాలో తెలియాలంటే, ఆ రోజుల్లో ఈ గడియారాలు ఎలా అమ్ముడయ్యేవో ముందు తెలుసుకోవాలి.

1920ల దాకా వాల్తమ్, ఎల్జిన్, హామిల్టన్, ఇల్లినాయ్ లాంటి కంపెనీలు చాలావరకు లోపలి యంత్రాన్ని, అంటే మూవ్‌మెంట్‌ను మాత్రమే తయారుచేసి అమ్మేవి. కేసులు చేసే కంపెనీలు వేరు. ఫిలడెల్ఫియాలో కీస్టోన్, ఒహాయోలోని కాంటన్‌లో డ్యూబర్, న్యూయార్క్ రాష్ట్రంలోని సాగ్ హార్బర్‌లో ఫాహీస్, కెంటకీలో వాడ్స్‌వర్త్ పేరున్న కేసు కంపెనీలు. ఇంజిన్ డ్రైవరో కండక్టరో తన ఊళ్లోని నగల దుకాణానికి వెళ్లి, జీతానికి తగ్గ మూవ్‌మెంట్ ఒకటి, మనసుకు నచ్చిన కేసు ఒకటి ఎంచుకునేవాడు. దుకాణదారు ఆ రెంటినీ కలిపి, రెండు స్క్రూలు బిగించి ఇచ్చేవాడు. సైజులు ముందే ఖాయమై ఉండబట్టి ఇది సాధ్యమైంది. 18 సైజు మూవ్‌మెంట్ అడ్డకొలత 1.767 అంగుళాలు, అంటే దాదాపు 44.9 మిల్లీమీటర్లు. 16 సైజుది 1.7 అంగుళాలు, దాదాపు 43.2 మిల్లీమీటర్లు. పైగా అమెరికా కేసుల్లో కీ ఇచ్చే కాడ ఎక్కువగా కేసుతోపాటే ఉండేది కాబట్టి, యంత్రాన్ని ఒక కేసులోంచి తీసి ఇంకో కేసులో పెట్టడం పెద్ద పనేమీ కాదు.

అందుకే ఆ కాలపు గడియారాలకు "ఫ్యాక్టరీ ఒరిజినల్ కేసు" అనేదే చాలావరకు లేదు. మూవ్‌మెంట్ మీది సీరియల్ నంబరు ఒక కంపెనీది, కేసు లోపలి నంబరు మరో కంపెనీది. ఆ రెండూ కలవవు, కలవాల్సిన అవసరమూ లేదు. కొత్తగా కొనేవాళ్లు ఈ విషయంలో అనవసరంగా టెన్షన్ పడతారు. నంబర్లు కలవాల్సింది కేసు భాగాల మధ్యనే. బందులున్న కేసుల్లో వెనక మూత మీద, లోపలి మూత మీద ఒకే నంబరు, లేదా దాని చివరి అంకెలు ఉండాలి. అవి వేరువేరుగా ఉంటే రెండు మూడు కేసుల ముక్కలు కలిపి ఒకటి చేశారన్నమాట.

కొనేవాళ్ల ముందు నిజానికి రెండు దారులున్నాయి. మొదటిది, ఫ్యాక్టరీలోనే కేసులో పెట్టి అమ్మిన గడియారం కొనడం. దీని కేసు ఒరిజినలా కాదా అన్నది దాదాపుగా తేల్చవచ్చు. రెండోది, నగల దుకాణంలో జతకట్టిన పాతకాలపు గడియారం కొనడం. ఇక్కడ అడగగలిగింది ఒక్కటే: ఈ యంత్రం మొదటినుంచీ ఈ కేసులోనే ఉందా? దానికి జవాబు ఖాయంగా దొరకదు. ఆధారాలు చూసి బలంగానో బలహీనంగానో నమ్మాల్సి వస్తుంది. ఈ తేడా తెలియకుండా రెండో రకానికి మొదటి రకం ధర పెట్టడమే ఎక్కువమంది చేసే పని. మిగతా ఎంపికలన్నీ ఈ రెంటికీ అటూ ఇటూ ఉండేవే.

ఫ్యాక్టరీ కేసు కావాలనుకుంటే

ఈ వర్గంలో నా మొదటి ఓటు హామిల్టన్ 992బీకి. 1940లో మొదలై 1969 దాకా తయారైన 21 జ్యూయెల్స్ (అరుగుదల తగ్గించే రాతి బేరింగులు) గడియారం ఇది. దీని సీరియల్ నంబరు ముందు సీ అక్షరం ఉంటుంది. హామిల్టన్ అప్పటికి పూర్తి గడియారాలే అమ్ముతోంది కాబట్టి, కేసు లోపల హామిల్టన్ పేరు ఉండాలి. మరో కేసు కంపెనీ పేరు మాత్రమే ఉంటే అది తర్వాత మార్చిన కేసే అనుకోవాలి.

ఇక్కడే పట్టుకోవడానికి ఇంకో తేలికైన గుర్తు ఉంది. పాత గోల్డ్ ఫిల్డ్ కేసుల (పైన మాత్రమే బంగారు పొర ఉన్నవి) లోపల "20 ఏళ్ల గ్యారంటీ", "25 ఏళ్ల గ్యారంటీ" అని చెక్కి ఉంటుంది. ఇలా ఏళ్ల లెక్కన గ్యారంటీ రాయడం అమెరికాలో 1920లలో ఆగిపోయింది. ఆ తర్వాతి కేసుల మీద "10 క్యారెట్ గోల్డ్ ఫిల్డ్" లాంటి మాటలే ఉంటాయి, ఏళ్ల లెక్క ఉండదు. కాబట్టి 20 ఏళ్ల గ్యారంటీ ఉన్న కేసులో 992బీ కనిపిస్తే, మూవ్‌మెంట్ కన్నా కేసు పాతది. ఇక వేరే పరీక్షలేవీ అక్కర్లేదు. దీనికి ఎదురు కూడా అంతే: 1905 నాటి మూవ్‌మెంట్ స్టెయిన్‌లెస్ స్టీల్ కేసులో ఉంటే, ఆ కేసు తర్వాత వచ్చి చేరిందే.

ఇల్లినాయ్ కంపెనీ 1920ల చివర్లో అమ్మిన బన్ స్పెషల్ గడియారాలు కూడా ఈ కోవలోవే. వీటి కేసుల్లో కొన్నింటి లోపల బన్ స్పెషల్ అన్న పేరే కనిపిస్తుంది. 1928లో ఇల్లినాయ్ కంపెనీ హామిల్టన్ చేతికి వెళ్లింది కాబట్టి ఈ కాలం చిన్నది, గడియారాలు తక్కువ, అందుకే ధరలు ఎక్కువ. రెండు కంపెనీల్లోనూ కీ ఇచ్చే గుండీ మీదుగా అడ్డంగా పట్టీ వచ్చే కేసులు కొన్ని ఉన్నాయి. సేకరణదారులు ఎగబడేది వాటికే, కాబట్టి ఖాళీ కేసు దొరికితే దానిలో ఏదో ఒక మూవ్‌మెంట్ పెట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. అలాంటి కేసు కనబడగానే పొంగిపోకుండా మూవ్‌మెంట్ తయారైన ఏడాదిని చూడండి.

బాల్ గడియారాల కథ కొంచెం వేరు. 1891 ఏప్రిల్‌లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాక, గడియారాల తనిఖీ పద్ధతిని ఏర్పాటు చేసే పని క్లీవ్‌లాండ్‌లో నగల వ్యాపారి అయిన వెబ్ సీ. బాల్‌కు అప్పగించారు. ఆయన సొంతంగా మూవ్‌మెంట్లు తయారుచేయలేదు. వాల్తమ్, హామిల్టన్ లాంటివాళ్ల దగ్గర తన పేరుతో చేయించుకున్నాడు. కేసులు కూడా తన పేరుతోనే చేయించాడు. గుర్రపు రికాబు ఆకారంలో ఉండే పైకడియం, అంటే గొలుసు తగిలించే రింగు, బాల్ కేసుల గుర్తు. బాల్ మూవ్‌మెంట్, బాల్ డయల్, లోపల బాల్ గుర్తున్న కేసు మూడూ కలిసుంటే మంచి జత. మూవ్‌మెంట్, డయల్ బాల్‌వే అయినా కేసు మామూలుదైతే ధర తగ్గించి అడగడంలో తప్పులేదు.

హోవార్డ్ విషయంలో కాలం చూసుకోవాలి. బోస్టన్‌లోని పాత హోవార్డ్ కంపెనీ మిగతా కంపెనీల సైజులు పాటించలేదు, అక్షరాలతో తన సొంత సైజులు పెట్టుకుంది. దాంతో ఆ మూవ్‌మెంట్లు సాధారణ 18 సైజు కేసుల్లో కుదరవు. కేసు సరిగ్గా కుదిరిందంటే అదే ఒక మంచి సాక్ష్యం. కేసు పోయిన పాత హోవార్డ్ మూవ్‌మెంట్ చవగ్గా దొరికితే మాత్రం ఆశపడొద్దు, దానికి కేసు వెతకడం ఏళ్ల తరబడి సాగే పని. 1903 తర్వాత కీస్టోన్ సంస్థ హోవార్డ్ పేరు తీసుకుని గడియారాలను ఫ్యాక్టరీలోనే కీస్టోన్ కేసుల్లో పెట్టి, ధర కూడా అక్కడే నిర్ణయించి అమ్మింది. అందుకే కీస్టోన్ హోవార్డ్ వేరే కంపెనీ కేసులో ఉంటే అనుమానించాలి.

హాంప్డెన్ మూవ్‌మెంట్ డ్యూబర్ కేసులో ఉండటం సహజమే. కేసుల వ్యాపారి జాన్ డ్యూబర్‌ను మిగతా వ్యాపారులు వెలివేసినప్పుడు, ఆయన 1880లలో ఏకంగా హాంప్డెన్ గడియారాల కంపెనీనే కొని కాంటన్‌కు తెచ్చుకున్నాడు. ఒకే యజమాని కింద రెండూ తయారయ్యాయి. అంతమాత్రాన ప్రతి డ్యూబర్-హాంప్డెన్ జతా మొదటి జతే అనలేం.

దుకాణంలో జతకట్టినవి: అసలు కష్టం ఇక్కడే

1890 నుంచి 1920 దాకా వచ్చిన వాల్తమ్ వాన్‌గార్డ్, ఎల్జిన్ వెరిటాస్, హామిల్టన్ 992, 940 లాంటి గడియారాలు ఎక్కువగా ఈ వర్గంలోకి వస్తాయి. వీటిలో కేసును తేల్చడానికి ఉన్న ఆధారాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది కేసు లోపలి అంచు మీది స్క్రూ మచ్చలను.

మూవ్‌మెంట్ అంచున రెండు స్క్రూలుంటాయి. వాటి తలలు కేసు లోపలి అంచు మీద నొక్కుకుని యంత్రాన్ని కదలకుండా పట్టుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తలల కింద లోహం మీద అర్ధచంద్రాకారంలో మచ్చలు పడతాయి. ఈ స్క్రూల స్థానం కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకే కేసు అంచు మీద ఒక్క జత మచ్చలే ఉండి, అవి సరిగ్గా ఇప్పటి స్క్రూల కిందే ఉంటే, ఆ కేసులో ఇంకో మోడల్ ఉండలేదని చెప్పవచ్చు. ఖాళీగా మిగిలిన మచ్చలు ఇంకో జత ఉంటే, ఒకప్పుడు ఆ కేసులో వేరే యంత్రం ఉండేది. అదే మోడల్ మూవ్‌మెంట్‌నే మార్చి పెట్టినా మచ్చలు కలుస్తాయి కాబట్టి, ఒక్క జత మచ్చలు పూర్తి రుజువు కాదు. మచ్చలే లేకపోతే? కేసు కొత్తదైనా కావాలి, అంచును పాలిష్ చేసైనా ఉండాలి. నా దృష్టిలో రెండూ మంచివి కావు.

ఈ మచ్చలు చూడాలంటే వెనక మూత తీయాలి. చాలా రైల్‌రోడ్ కేసులకు ముందు అద్దం చట్రం, వెనక మూత రెండూ మరలతో బిగించి ఉంటాయి. ఎడమవైపు తిప్పితే ఊడతాయి. కత్తి మొన పెట్టి లేపొద్దు. ఇంకో రకం కేసుకు వెనక మూత అసలు తెరుచుకోదు. అద్దం చట్రం మర విప్పి, గుండీని పైకి లాగి, 6 దగ్గర వేలితో లేపితే యంత్రం 12 దగ్గరున్న బందు మీద బయటికి తిరుగుతుంది. దుమ్ము చొరకుండా చేసిన ఏర్పాటు ఇది. ఈ సంగతి తెలియక వెనకవైపు గీకి, వంచి పాడుచేసిన కేసులు అమ్మకానికి చాలానే వస్తుంటాయి.

తర్వాత చూడాల్సింది సమయం దిద్దే మీట. రైల్‌రోడ్ ప్రమాణం ప్రకారం, గుండీ పొరపాటున లాగబడి ముళ్లు కదిలిపోకుండా, అద్దం చట్రం విప్పి డయల్ అంచు కింది మీట లాగితేనే సమయం మార్చగలగాలి. మీట బయటికి రావడానికి కేసు అంచులో గాడి ఉండాలి. గాడి అందంగా, పాత లోహం రంగులోనే ఉంటే మంచిది. ఆకురాయితో గీసినట్టు మెరుస్తూ వంకరగా ఉంటే, మరో రకం కేసును దీనికోసం కోసి సర్దారన్నమాట.

గుండీ, సెకన్ల ముల్లు ఎక్కడున్నాయో ఫొటోలోనే కనబడుతుంది. రైల్వేలు కోరింది ముందు మూత లేని ఓపెన్ ఫేస్ కేసు, గుండీ 12 దగ్గర, సెకన్ల డయల్ 6 దగ్గర. గుండీ 3 దగ్గరుండి కేసు ఓపెన్ ఫేస్ అయితే, ముందు మూతున్న హంటర్ కేసు కోసం చేసిన మూవ్‌మెంట్‌ను తెచ్చి ఇందులో పెట్టారు. గడియారం ఎంత బాగా నడిచినా సరే, దానికి రైల్‌రోడ్ ధర పెట్టొద్దు.

కేసు వెనక ఎవరికో బహుమతిగా ఇచ్చినట్టు పేరు, తేదీ చెక్కి ఉంటే అదొక వరం. మూవ్‌మెంట్ సీరియల్ నంబరును బట్టి అది తయారైన ఏడాది తెలుసుకోండి, పెద్ద కంపెనీల నంబర్ల పట్టికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కేసు మీద 1912 అని ఉండి మూవ్‌మెంట్ 1926దైతే కథ ముగిసినట్టే. తేదీ మూవ్‌మెంట్ తర్వాత ఏడాది రెండేళ్లలోపు ఉంటే ఆ జత మీద నమ్మకం బాగా పెరుగుతుంది. పేరు చెక్కిన కేసులకు కొందరు తక్కువ ధర ఇస్తారు. నేనైతే ఎక్కువే ఇస్తాను, గడియారం ఎవరిదో, ఎప్పటిదో చెప్పే ఆధారం ఇంకెక్కడా దొరకదు కాబట్టి. వెనక మూత లోపల రిపేరు చేసినవాళ్లు సూదితో గీసుకున్న గుర్తులు, తేదీలు కూడా ఉంటాయి. వాటిలో మూవ్‌మెంట్ తయారీ కన్నా ముందు తేదీ ఒక్కటి కనబడినా కేసు వేరే దానిదే. భూతద్దంతో ఓపిగ్గా చూడండి, అమ్మకపు ఫొటోల్లో ఇవి దాదాపు ఎప్పుడూ కనిపించవు.

అరుగుదలను కూడా పోల్చాలి. కేసు అంచుల్లో బంగారు పొర అరిగి ఇత్తడి బయటపడి ఉంటే, ఆ గడియారం చాలా ఏళ్లు జేబులో తిరిగిందన్నమాట. లోపల మూవ్‌మెంట్ స్క్రూ తలలు ఏమాత్రం చెదరకుండా అద్దంలా ఉంటే ఆ రెండూ కలిసి బతికాయని నేను నమ్మను.

లోహం గురించి కాస్త

లోపల "14 క్యారెట్" అని ఉండి, దాని పక్కన ఏళ్ల గ్యారంటీ కూడా ఉంటే అది గట్టి బంగారం కాదు, గోల్డ్ ఫిల్డ్. మన చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగల్లాగా ఇక్కడా పైనే బంగారం ఉంటుంది. కాకపోతే ఇది రెండు బంగారు రేకుల మధ్య చవక లోహం పెట్టి సాగదీసిన పలక, పొర మందంగా ఉంటుంది. జేమ్స్ బాస్ 1859లో పేటెంట్ తీసుకున్న ఈ పద్ధతితోనే కోట్ల మంది స్థోమతకు బంగారు రంగు గడియారం అందింది. సిల్వరైన్, సిల్వరాయిడ్, సిల్వరోడ్ అనే పేర్లు వినడానికి వెండిలా ఉన్నా వాటిలో వెండి లేదు, నికెల్ మిశ్రమాలు. అమ్మే మనిషి వెండి ధర చెబితే ఒప్పుకోవద్దు. కాయిన్ సిల్వర్ అంటే మాత్రం 90 శాతం వెండి. ఇంజిన్ గదిలో వాడుకోవడానికి నికెల్ కేసులు కొన్న రైల్వేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, మంచి మూవ్‌మెంట్ చవక కేసులో కనిపించినంత మాత్రాన మార్చేశారని అనుకోనక్కర్లేదు.

గట్టి బంగారు కేసుల్లో ఉన్నవి మాత్రం తగ్గిపోయాయి. 1980లో బంగారం, వెండి ధరలు ఆకాశానికి ఎక్కినప్పుడు లెక్కలేనన్ని కేసులు కరిగిపోయాయి. ఆ తర్వాత ధర పెరిగిన ప్రతిసారీ అదే జరుగుతోంది. ఇప్పుడు విడిగా అమ్ముతున్న మూవ్‌మెంట్లలో చాలావాటికి కేసు లేకపోవడానికి కారణం ఇదే. కేసు కరిగించి మూవ్‌మెంట్‌ను నికెల్ కేసులో పెట్టి అమ్మడం ఇంకా సాగుతూనే ఉంది. ఇలా మంచి గడియారాలను విడదీయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రెండు ఆకర్షణలు, రెంటికీ దూరం

వెనక రైలింజన్ బొమ్మ చెక్కిన కేసు చూడగానే ఇది రైల్వేవాళ్ల గడియారమే అనిపిస్తుంది. నిజం దాదాపు తలకిందులు. ఆ బొమ్మలున్న కేసులు రైతులకు, కూలీలకు, రైలంటే మోజున్న కుర్రాళ్లకు బాగా అమ్ముడుపోయాయి. లోపల తరచుగా 7 జ్యూయెల్స్ సాధారణ మూవ్‌మెంట్ ఉంటుంది. రైల్వే తనిఖీకి కావాల్సింది కనీసం 17 జ్యూయెల్స్, 5 భంగిమల్లో (నిలబెట్టి, పడుకోబెట్టి ఎలా ఉంచినా) సమయం తప్పకుండా సరిచేసిన యంత్రం, వారానికి 30 సెకన్లకు మించని తేడా. ఈ పరీక్షలో బొమ్మకు మార్కులు లేవు. బొమ్మ నచ్చి కొనుక్కుంటే సంతోషమే, కానీ దాన్ని రైల్‌రోడ్ గడియారం అనుకుని కొనొద్దు.

రెండోది వెనక గాజు మూతున్న కేసు. యంత్రం మీద చెక్కిన నగిషీ కనబడుతుంది, చాలా అందంగా ఉంటుంది. కానీ ఇవి ఎక్కువగా దుకాణాల్లో మూవ్‌మెంట్లు చూపించడానికి వాడినవి, లేదా ఈ మధ్య చేసినవి. మొదటి కొనుగోలుదారు అందులో పెట్టించుకున్నవి అరుదు. ఇంట్లో బల్ల మీద పెట్టుకుని చూసి ఆనందించడానికైతే తీసుకోండి, చవక కూడా. ఒరిజినల్ కావాలంటే కాదు.

అయితే ఏది కొనాలి

మొదటిసారి కొంటూ, కేసు గురించి అనుమానం మిగలకూడదనుకుంటే హామిల్టన్ 992బీ, హామిల్టన్ పేరున్న కేసులో. నడిపించుకోవడానికి కూడా ఇదే తేలిక, విడిభాగాలు ఇంకా దొరుకుతాయి. చరిత్ర కావాలి, ఫలానా మనిషి జేబులో తిరిగిందన్న ఆనవాలు కావాలి అనుకుంటే 1900-1915 మధ్య 16 లేదా 18 సైజు గడియారం, ఒక్క జత స్క్రూ మచ్చలతో, వీలైతే తేదీ చెక్కిన కేసులో. దానికి మామూలు ధర కన్నా కొంచెం ఎక్కువ పెట్టవచ్చు, రెట్టింపు మాత్రం వద్దు, ఎందుకంటే ఎంత చూసినా రుజువు పూర్తి కాదు. యంత్రం మీదే ప్రేమైతే, కేసు మార్చినదని నిజాయితీగా చెప్పి అమ్మే 23 జ్యూయెల్స్ గడియారాన్ని తీసుకోండి. ఆ కాలానికే చెందిన, సరైన సైజు కేసులో ఉంటే చాలు. 16 సైజు యంత్రాన్ని రింగు వేసి 18 సైజు కేసులో ఇరికించినవి మాత్రం ఎంత తక్కువకు వచ్చినా వదిలేయండి.

దూరం నుంచి కొనేటప్పుడు, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మనవాళ్ల చేత తెప్పించుకునేటప్పుడు, ముందుగానే నాలుగు ఫొటోలు అడగండి: రెండు స్క్రూలూ వాటి చుట్టూ ఉన్న అంచూ స్పష్టంగా కనిపించేలా వెనకవైపు, వెనక మూత లోపలి రాతలు, అద్దం చట్రం తీసి మీట లాగిన స్థితిలో డయల్, మూవ్‌మెంట్ సీరియల్ నంబరు. పంపడానికి ఇష్టపడని చోట కొనకండి. అనుమానం తీరకపోతే పెన్సిల్వేనియాలోని కొలంబియా కేంద్రంగా పనిచేసే జాతీయ గడియార సేకరణదారుల సంఘం సభ్యులను అడగవచ్చు, వాళ్లలో స్క్రూ మచ్చను చూసి మోడల్ చెప్పగలవాళ్లున్నారు.

కొన్నాక ఎప్పుడైనా కేసు మార్చాల్సి వస్తే, పాత కేసును మాత్రం పారేయకండి, కరిగించడానికి ఇవ్వకండి. ఏ సీరియల్ నంబరు మూవ్‌మెంట్ ఏ కేసులోంచి వచ్చింది, ఎప్పుడు మార్చారు అన్నది చీటీ మీద రాసి, ఆ పాత కేసు లోపల పెట్టి దాచండి. గడియారాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు రెండూ కలిపి ఇవ్వండి.